నల్లా వచ్చే రోజు

దాజీ పేట్, సోలాపూర్,
21 అక్టోబరు 2024.

ఆరోగ్య విభాగంలో దోమల నివారణ చూసే అధికారి గారి సముఖమునకు,

దాజీ పేట్ నివాసి, తువ్వాళ్ళ కార్ఖానాలో చెకింగ్ సూపర్‌వైజరు వాసుదేవ్ నర్సయ్య బింగి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా గల్లీకి నల్లా నీళ్ళు వచ్చే రోజును ముందుగా తెలియజేయుట, దోమలకు పొగ వేసే బండి వేళను మార్చుట గురించి.

ఇదే అర్జీని మరాఠీలో టైపు చేయించి తమ కార్యాలయంలో ఇచ్చి, ముద్ర వేయించుకున్నాను. అది ఒక పేజీ. తమరు జోడ్‌భావి పేట్‌లో పుట్టి పెరిగినవారని, ఇంట్లో మన భాషే మాట్లాడతారని తెలిసి ఈ రెండవది తెలుగులో రాస్తున్నాను. మరాఠీ నాకు బాగానే వచ్చు. కానీ నా భార్య మాటలను అందులో పెట్టబోతే అవి ఆమె మాటల్లాగా లేవు. అందుకని తీసివేశాను. ఇందులో ఉన్నవి.

1. ముందుగా నా భార్య యమునాబాయి చనిపోయిన రోజు సంగతి మనవి చేసుకుంటాను.

ఆమె బీడీలు చుట్టేది. శ్రావణం చివర మా అమ్మాయి పూనంకు జ్వరం వచ్చి తగ్గింది. అది తగ్గుతుండగా యమునకు వచ్చింది. ఒళ్ళంతా విరిచినట్టు నొప్పులు, కళ్ళ వెనక పోటు. పేట్‌లోని డాక్టరు రక్తం పరీక్ష చేయించి ఇద్దరిదీ డెంగీ అన్నారు. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం యమునకు జ్వరం దిగింది. ఒళ్ళు చల్లబడింది. అందరం సంతోషించాం. మాతో ఉండే మా మేనత్త గోదావరి కొబ్బరికాయ కొట్టింది. యమున అదే సాయంత్రం బీడీ ఆకు తడిపింది.

ఆకు తడపడం అంటే ఏమిటో తమరికి చెప్పనక్కరలేదు. తడిపిన ఆకును మరునాడు చుట్టి తీరాలి. ఎండితే పగులుతుంది, ఉంచితే బూజు పడుతుంది. అందుకని ఒంట్లో బాగాలేని మనిషి ఆకు తడపదు. మా గల్లీలో ఆడవాళ్ళు ఒకరినొకరు ఆరోగ్యం ఎట్లా ఉందని అడగరు. ఆకు తడిపినవా అని అడుగుతారు. తడిపితే బాగున్నట్టు.

మరునాడు పొద్దున ఆమె గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఇవాళ వద్దన్నాను.

"ఆకు తడిసి ఉన్నది. ఇయ్యాల చుట్టకుంటే మురుగుతది. నువ్వు పో, నీ భోంగా అయితున్నది" అన్నది. భోంగా అంటే మా కార్ఖానా సైరను.

ఎదురింటి గంగుబాయి తన గడపలో నుంచే కేకేసింది. "యమునా, ఆకు తడిపినవా?"

"తడిపిన."

"అయితే మంచిగైనట్టే. ఇగ వాసుదేవ్‌కు వంట తప్పింది, బతికిపోయినం. నిన్న మాడిన వాసనకు మా ఇంట్ల కూడ ఎవ్వరు తినలే."

యమున నవ్వింది. నేను పనికి వెళ్ళాను.

మధ్యాహ్నం ఆమెకు కడుపులో నొప్పి వచ్చిందని, వాంతి అయిందని పూనం తరువాత చెప్పింది. అయినా లేవలేదు. బీడీకి దారం కట్టబోతే ముడి పడలేదు. "చేతులు సల్లగైనయి, ముడి పడ్తలేదు" అన్నది. మూడుసార్లు ప్రయత్నించి చాట పక్కన పెట్టింది. చాట పక్కన పెట్టినప్పుడు పూనం నాకు ఫోను చేసింది.

ఆసుపత్రికి పోయే ఆటోలో ఆమె పూనం భుజం మీద తల పెట్టుకున్నది. మాట సన్నగా వచ్చింది. "నల్లా వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందని చెప్పాను. అప్పటికి రాలేదు. "హౌజు నింపిండ్రా?" అన్నది. సిమెంటు తొట్టి నిండా నింపామని చెప్పాను.

ఆసుపత్రివారు చేయవలసినదంతా చేశారు. వారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ జబ్బులో ప్రమాదం జ్వరం ఉన్నప్పటి కంటే జ్వరం దిగిన తరువాత ఎక్కువని డాక్టరమ్మ చెప్పారు. రక్తనాళాల్లో నుండి నీరు బయటికి ఊరిపోతుందట. కడుపునొప్పి, వాంతి, చల్లబడిన చేతులు దాని గుర్తులట. దీపాలు పెట్టే వేళకు యమున చనిపోయింది.

మరునాడు పొద్దున ఆమెను వాకిట్లో పడుకోబెట్టిన తరువాత నల్లా వచ్చింది. ఏడుస్తున్నవాళ్ళు లేచి బిందెలు అందుకున్నారు. నేను తప్పు పట్టడం లేదు. ఆమె అయినా లేచేది. గంగుబాయి తన ఇంటికి పట్టుకొన్న తరువాత మా హౌజు కూడా నింపి, చేతులు కొంగుకు తుడుచుకొని, వచ్చి మళ్ళీ ఏడ్చింది.

2. దోమల గురించి తమరికి నేను చెప్పడం తగదు. అయినా చెప్పవలసి ఉన్నది.

నేను బి.ఎస్సీ. చదివాను. జంతుశాస్త్రం. ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో దోమ నోటి భాగాలు, దోమ పిల్లపురుగు బొమ్మలు వేశాను. పరీక్షకు వచ్చినాయన బాగున్నవని అన్నారు. ఆ తరువాత ఆ చదువుతో నాకు పని పడలేదు.

మా గల్లీలో రాత్రి చెవి దగ్గర మోగే దోమ మురుగు మోరీలో పుడుతుంది. ఏనుగుకాలు తెచ్చేది ఆ జాతి. మలేరియా తెచ్చేది గోడ మీద వెనక భాగం ఎత్తి వాలుగా కూర్చుంటుంది. మా వైపు తక్కువ. డెంగీ తెచ్చేది నల్లగా, కాళ్ళ మీద తెల్ల పట్టీలతో ఉంటుంది. దాని పేరు ఏడిస్. అది మురికి నీళ్ళ జోలికి పెద్దగా పోదు, ఇళ్ళలో నిలవ ఉన్న మంచినీళ్ళు వెతుక్కుంటుంది. మా ఇళ్ళలో మంచినీళ్ళు ఎప్పుడూ నిలవ ఉంటాయి, నల్లా ఎప్పుడూ రాదు కనుక.

అది పగలు కుడుతుంది. ఎండ ముదరక ముందు, మళ్ళీ పొద్దు వాలే వేళ. చప్పుడు చేయదు. చీలమండల దగ్గర, మోచేతుల వెనక వాలుతుంది. మా ఆడవాళ్ళు సరిగ్గా ఆ వేళల్లో వెలుతురు కోసం గడప దగ్గరికి జరుగుతారు. ఒళ్ళో చాట, ఒక చేతిలో ఆకు, ఇంకొక చేతి వేళ్ళలో తంబాకు. దోమ వాలిందని తెలిసినా కొట్టడానికి చెయ్యి ఉండదు. చెయ్యి వదిలితే ఆకు విచ్చుకుంటుంది, తంబాకు రాలుతుంది. అందుకని యమున కాలు మాత్రం కదిపేది. దోమ లేచి, పక్కన కూర్చున్న పూనం కాలి మీద వాలేది. పూనం కదిపితే మళ్ళీ వాళ్ళమ్మ మీద. కడుపు నిండేదాకా అట్లా మనుషులను మార్చడం దాని అలవాటు. ఒకే ఇంట్లో ఒకరి వెంట ఒకరు జ్వరంతో మంచం పట్టడానికి అదొక కారణం.

మా ఇంట్లో దోమతెర ఉన్నది. రాత్రిళ్ళు తప్పకుండా కట్టుకునేవాళ్ళం.

3. పొగ బండి చీకటి పడ్డాక వస్తుంది. పొగ గల్లీలో పోతుంది. ఆ వేళకు ఏడిస్ దోమ మంచం కింద, దండెం మీది బట్టల వెనక విశ్రాంతిగా ఉంటుంది. దాని మీద పొగ పనిచేయాలంటే ఇంట్లోకి రావాలి. అందుకే తలుపులు తెరిచి ఉంచమని బండివాళ్ళు మైకులో చెబుతారు. ఎవరూ తెరవరు. కారణం మూర్ఖత్వం కాదు. తంబాకుకు, తడి ఆకుకు డీజిల్ వాసన ఇట్టే పడుతుంది. వాసన వచ్చినవాటిని బీడీ కార్ఖానాలో ఏరి పక్కన పడేస్తారు. మగ్గాలవాళ్ళకు చద్దర్లతో అదే గోడు. కనుక బండి చప్పుడు వినగానే గల్లీ పొడుగునా తలుపులు పడతాయి. సందుల్లో తడి గోనెలు కుక్కుతారు. యమున ముందు తంబాకు డబ్బా మూత పెట్టి, ఆ తరువాత తలుపు వేసేది. పొగ పోయాక తలుపు తీస్తే గల్లీ శుభ్రంగా కనిపించేది. దోమలు మా దగ్గర క్షేమంగా ఉండేవి.

4. తమ విభాగం నుండి అమోల్ గారు వచ్చి నీళ్ళ పాత్రలు చూస్తారు. ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు. మంచి మనిషి. ఇల్లిల్లూ తిరిగి తెలుగు నేర్చుకున్నారు. వారానికి ఒకసారి ఉన్న నీళ్ళన్నీ పారబోసి, పాత్రలను ఎండబెట్టమని చెబుతారు. ఎండాకాలంలో ఒకసారి గంగుబాయి ఆయనను అడ్డగించింది.

"దాదా, నా హౌజు నా చేత్తోనే పారబోస్త. మళ్ళ నల్లా ఎప్పుడొస్తదో చెప్పు."

"బాయి, నల్లా వేరే ఆఫీసు. నాకు మాలూమ్ లేదు."

"దోమ నీ ఆఫీసు, నీళ్ళు వేరే ఆఫీసా? పాపం దోమకు ఈ సంగతి ఎవరన్న చెప్పిండ్రా?"

గల్లీ అంతా నవ్వింది. అమోల్ కూడా నవ్వారు. యమున ఆకు చేతిలో అట్లాగే పట్టుకొని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఎవరూ హౌజు పారబోయలేదు. మా ఇంట్లో కూడా.

ఆమె పోయిన తరువాత ఆయన ఇంకొకసారి వచ్చారు. పోయిన మనిషి ఉన్న చోట దీపం పెట్టి, పక్కన మట్టి ముంతలో నీళ్ళు పెట్టి, పదో దినం దాకా కదపకూడదని మా ఇంటి ఆచారం. నీళ్ళు తగ్గితే పోయినవాళ్ళు వచ్చి తాగినట్టు. తగ్గినంత పోయాలి, ఒలకబోయకూడదు. గోదావరి అత్త రోజూ పొద్దున ముంతలో వేలు పెట్టి చూసి, "తాగింది" అని, పైన పోసేది.

అమోల్ ముంత మీద టార్చి వేయబోయి ఆపుకున్నారు. ఈ నీళ్ళు రోజూ మార్చమని అత్తకు మెల్లగా చెప్పారు.

"బిడ్డా, అవి దాని నీళ్ళు. నీయి గావు, నాయి గావు" అన్నది అత్త.

ఆయన టోపీ తీసి చేత పట్టుకొని వెళ్ళిపోయారు. నేను అక్కడే ఉన్నాను. నాకు కూడా ఆ నీళ్ళు ఆమెవేనని అనిపించింది.

పదో దినం ముంతను నేను ఎత్తి వెలుతురులోకి తెచ్చాను. నీళ్ళలో పురుగులు ఆడుతున్నవి. తల కిందికి, తోక నీటి మట్టానికి. ఆ భంగిమ నాకు తెలుసు. పరీక్షలో బొమ్మ వేశాను.

అత్తకు చూపు ఆనదు. "ఏంరా, ఇయ్యాల తాగిందా?" అని అడిగింది.

తాగిందని చెప్పాను. ముంతను ఎండిన బండ మీద వంచాను. అవి చాలాసేపు కదిలినవి.

5. కనుక తమకు చేసుకునే మనవి.

(అ) మా గల్లీకి నల్లా ఏ రోజు వచ్చేదీ ముందు రోజు పొద్దుననే తెలియజేయించవలెను. గంట ఏదో చెప్పకపోయినా సరే. నీళ్ళు ఎక్కువ ఇమ్మని అడగడం లేదు.

దీనికి కారణం ఉన్నది. ఏడిస్ దోమ గుడ్లను నీళ్ళలో వదలదు. నీటి మట్టానికి కొంచెం పైన, తడి గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నీళ్ళు లేకుండా నెలల తరబడి ఉండగలవు. మళ్ళీ నీళ్ళు పైకి వచ్చి తగిలినప్పుడు పిల్లలవుతవి. అంటే నీళ్ళు పారబోస్తే చాలదు. గోడ రుద్దాలి. రుద్దాలంటే హౌజు ఖాళీ కావాలి. రేపు నల్లా వస్తుందని తెలియని ఇల్లాలు ఇవాళ హౌజు ఖాళీ చేయదు. చేయమని చెప్పే హక్కు నాకు లేదు, తమకూ లేదు. ముందు రోజు తెలిస్తే ఉన్న నీళ్ళతో బట్టలు, చద్దర్లు ఉతుక్కొని, ఖాళీ అయిన హౌజును రుద్ది ఆరబెట్టుకోవచ్చు. ఒక్క ఇల్లు చేస్తే ప్రయోజనం తక్కువ. ఈ దోమ పక్క ఇళ్ళ దాకా ఎగురుతుంది. గల్లీ అంతా ఒకే రోజు చేయాలి. నల్లా ఎప్పుడని గంగుబాయి ఆనాడే అడిగింది. అందరం నవ్వాం. అది నవ్వే మాట కాదు.

(ఆ) డెంగీ వచ్చిన ఇళ్ళ చుట్టూ పొగ వేసేటప్పుడు పొద్దున వేయించి, ముందు రోజే చెప్పించవలెను. చెబితే ఆ సాయంత్రం ఆకు తడపరు. తంబాకు కట్టి పెడతారు. తలుపులు తెరుస్తారు. నేను ఇల్లిల్లూ తిరిగి తెరిపిస్తాను.

(ఇ) నల్లా రోజు ఏదో అమోల్ గారికి కూడా చెప్పించవలెను. తమ కార్యాలయం, నీళ్ళ కార్యాలయం ఒకే వరండాలో ఉన్నవి. నేను రెండింటికీ వెళ్ళాను. మధ్యలో ఒక బెంచీ ఉన్నది.

నష్టపరిహారం అడగడం లేదు.

6. ఇది పై వాటితో సంబంధం లేనిది. తమరు కొట్టివేయవచ్చు.

డెంగీలో నాలుగు రకాలు ఉన్నవి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం నుండి రక్షణ ఉంటుంది గాని, ఇంకొక రకం వస్తే మొదటిసారి కంటే ముదిరే భయం ఎక్కువ. డాక్టరమ్మను అడిగి ఈ సంగతి ఖాయం చేసుకున్నాను. పూనంకు ఒకసారి వచ్చింది. ఇంకొకసారి రాకూడదు. ఈ అర్జీ అంతా ఆ ఒక్క మాట కోసం.

పూనం ఇప్పుడు కాలేజీ నుండి వచ్చి, వాళ్ళమ్మ కూర్చున్న చోటే చాట పెట్టుకొని కూర్చుంటుంది. మానెయ్యమని చెప్పాను. మానలేదు. పోనీ లోపల ఫ్యాను కింద కూర్చొమ్మన్నాను.

"లోపల వెలుగు లేదు బాపూ. ఫ్యాను పెడ్తే తంబాకు లేస్తది" అన్నది. సాక్సులు తొడుక్కొమ్మని తెచ్చి ఇచ్చాను. తొడుక్కున్నది. గంగుబాయి చూసి, "ఏందే, ఇస్కూలుకు పోతున్నవా?" అని వేళాకోళం చేసింది. తరువాత తానూ ఒక జత తెప్పించుకున్నది.

పోయిన వారం పూనం తల నొస్తుందన్నది. ఎండలో తిరిగినందుకు వచ్చిన నొప్పి. ఒక పూటలో తగ్గింది. తగ్గిందని తెలిసిన తరువాత కూడా నేను పనికి వెళ్ళలేదు. ఆమె చెయ్యి పట్టుకొని వెచ్చగా ఉందో చల్లగా ఉందో చూస్తూ కూర్చున్నాను. రెండూ భయమే అయినవి. "బాపూ, నా చెయ్యి వదిలితే చుట్టుకుంట" అన్నది.

మరునాడు గంగుబాయి గడపలో నుంచి అడిగింది. "పూనం, ఆకు తడిపినవా?"

"తడిపిన అత్తా."

"మంచిది బిడ్డా" అన్నది గంగుబాయి. కానీ వెనక్కి పోలేదు. చెప్పులు వేసుకొని మా వాకిట్లోకి వచ్చి, పూనం నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు పోయింది.

మా గల్లీలో ఇప్పటికి మారినది ఇంతే. మిగిలినది తమ చేతిలో ఉన్నది.

పైన రాసినవన్నీ తమరు శాంతముగా చదివి, తెలుగు కాగితానికి తమ కార్యాలయంలో నంబరు పడదని తెలిసినా, చిత్తగించవలెనని కోరుకొంటున్న,

తమ విధేయుడు,
వాసుదేవ్ నర్సయ్య బింగి

తా.క.: మా హౌజు లోపలి గోడకు ఒక గీత ఉన్నది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో యమున ఆకు కత్తిరించే కత్తెర మొనతో, సిమెంటులో లోతుగా గీసింది. నీళ్ళు ఆ గీత దాకా దిగితే స్నానాలు బంద్. అక్కడి నుండి కిందివి తాగడానికి, ఆకుకు మాత్రమే. నేను స్నానం చేస్తుంటే బయట నిలబడి, "గీత కనబడ్తున్నది" అని తలుపు కొట్టేది. ఇన్నేళ్ళూ నీళ్ళు ఎక్కువగా ఆ గీత దగ్గరే ఆగేవి.

నిన్న టార్చి వేసి చూశాను. గీత పొడుగునా, లోపల, మసి నలుసుల్లాగా గుడ్లు ఉన్నవి. కొబ్బరి పీచు అందులోకి పోదు. బ్రష్షు కూడా పోదు.

ఆమెను తీసుకుపోయిన రోజు గంగుబాయి నింపిన నీళ్ళ మీదనే ఇప్పటిదాకా కొత్త నీళ్ళు పోస్తూ వచ్చాం. అడుగున ఆ రోజువి ఇంకా ఉన్నట్టు నాకు అనిపిస్తుంది. శాస్త్రం ప్రకారం అది సరికాదు.

రేపు నల్లా వచ్చేదీ రానిదీ తెలియదు. రేపు పొద్దున హౌజు ఖాళీ చేస్తాను. గోడలు రుద్ది ఆరనిస్తాను. ఆరిన తరువాత సిమెంటు కలుపుకొని, ఆ గీతలో నింపి, చేత్తో చదును చేస్తాను.